తల్లి చేతిలో ఏముండాలి?

పిల్లల పుస్తకంలో రాష్ట్ర చిహ్నాల పాఠం వచ్చిందంటే అమ్మలమంతా ఒకటే వరుస చదివిస్తాం. పక్షి పాలపిట్ట, జంతువు జింక, చెట్టు జమ్మి, పువ్వు తంగేడు. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ నాలుగింటినీ ప్రకటించింది. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఇళ్లలో వీటిని బట్టీ పట్టించే పనే లేదు. దసరా నాడు పాలపిట్టను చూసేందుకు ఊరి బయటికి పోతాం. జమ్మి ఆకు తెచ్చి ‘బంగారం’ అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. తంగేడు లేనిదే బతుకమ్మ నిండదు. జింకలంటారా, జన్నారం దగ్గర కవ్వాల అడవిలో మందలుగా తిరుగుతాయి. నాలుగింట్లో మూడు మన దసరా పండుగలోంచే వచ్చాయి, గమనించారా?

ఈ నాలుగింటి మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా తెలంగాణ తల్లి రూపం మీద వచ్చింది. ఆ రూపం ఒక ఆడమనిషిది కాబట్టి, ఆ ముచ్చట మనం కూడా మాట్లాడుకోవాలి.

నేలను తల్లిగా చూడటం మనకు పాత అలవాటే. ఆ తల్లికి ఒక బొమ్మ గీసి దేశానికి గుర్తుగా నిలబెట్టడం మాత్రం ఈమధ్యది. 1905లో బెంగాల్‌ను రెండు ముక్కలు చేసిన రోజుల్లో అవనీంద్రనాథ్ ఠాగూర్ భరతమాతను గీశారు. కాషాయ చీర, నాలుగు చేతులు. ఆ చేతుల్లో పుస్తకం, వరి కంకులు, తెల్లబట్ట, జపమాల. అంటే చదువు, తిండి, బట్ట, భక్తి. ఫ్రాన్సు వాళ్లకు కూడా విప్లవం నాటి నుంచి మరియాన్ అనే స్త్రీ రూపం గుర్తుగా ఉంది. మన దగ్గర పూర్ణకుంభం పట్టుకున్న తెలుగు తల్లి ఉంది.

తెలంగాణ ఉద్యమం వచ్చాక, మన తల్లి వేరే ఉండాలన్న మాట వచ్చింది. ఆ రూపాన్ని తయారుచేసింది మన నిర్మల్‌కు చెందిన బి. వెంకటరమణాచారి. కొయ్యబొమ్మలకు పేరుపడ్డ ఊరు నుంచే రాష్ట్రానికి తల్లి బొమ్మ కూడా వచ్చిందన్నమాట. తల మీద కిరీటం, నడుముకు వడ్డాణం, జరీ అంచు పట్టుచీర, ఒక చేతిలో బతుకమ్మ, ఇంకో చేతిలో మక్క కంకులు. ప్రతిదానికీ ఒక అర్థం చెప్పారు. చీర గద్వాల, పోచంపల్లి, నారాయణపేట నేతగాళ్లకు గుర్తు. కంకులు మెట్ట పంటలకు గుర్తు. కిరీటంలో, వడ్డాణంలో ఉన్న వజ్రాలు కోహినూర్‌ను, జాకబ్ వజ్రాన్ని తలపిస్తాయి. కాలి మట్టెలు కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి గుర్తు. సన్నని వెండి తీగను మెలిపెట్టి అతికే ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఈ విగ్రహం ఊరూరా వెలిసింది గానీ, తల్లి రూపానికి ప్రభుత్వ ఉత్తర్వు 2024 డిసెంబరులోనే వచ్చింది. అప్పటికి రూపం మారింది. 2009లో రాష్ట్ర ప్రకటన వచ్చిన డిసెంబరు 9వ తేదీనే సచివాలయంలో కొత్త విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఈ తల్లికి కిరీటం లేదు, వడ్డాణం లేదు. ఆకుపచ్చ చీర, మెడలో కంటె, కాళ్లకు కడియాలు, మట్టెలు. కుడిచేయి అభయమిస్తుంది. ఎడమ చేతిలో వరి, జొన్న, సజ్జ, మక్క కంకులు. కింద పీఠాన్ని ఎన్నో చేతులు పైకెత్తుతున్నట్టు ఉంటుంది. చేతిలో బతుకమ్మ మాత్రం లేదు.

రాజకీయాలు పక్కన పెట్టి ఇంటి మనిషిగా చూస్తే నాకు రెండు మాటలు తోస్తాయి. కిరీటం తీసేయడం బాగుంది. మన అమ్మలు, అమ్మమ్మలు నెత్తిన గంపలు మోశారు, కిరీటాలు పెట్టుకోలేదు. చేలో కలుపు తీసి వచ్చిన మనిషి పోలిక కొత్త తల్లిలోనే ఎక్కువ కనిపిస్తుంది. కానీ బతుకమ్మ పోవడం నాకు వెలితిగానే ఉంది. పాత విగ్రహం మీద ఉన్నవాటిలో కిరీటం రాజులది, చీర నేతగాళ్లది, మట్టెలు కంసాలివి. ఆడవాళ్లు తమ చేతులతో పేర్చి, తమ పాటతో తామే జరుపుకునేది బతుకమ్మ ఒక్కటే. దానికి పూజారి అక్కర్లేదు, గుడి అక్కర్లేదు. తొమ్మిది రోజులకు ఒకచోట, వేములవాడలో ఏడో రోజే సద్దులు చేసినా, ఎవరూ తప్పు పట్టరు. 2014లో రాష్ట్ర పండుగ అయినా, అంతకుముందు ఏ ఉత్తర్వూ లేకుండానే తరతరాలు నడిచింది.

ఇంకో సంగతి కూడా ఉంది. పాత రూపంలోనైనా కొత్త రూపంలోనైనా, కేస్లాపూర్ నాగోబా జాతరలో కొత్త కుండలతో నీళ్లు మోసే మెస్రం ఆడబిడ్డ పోలిక నాకు కనపడలేదు. సిరిసిల్ల, కోరుట్ల వైపు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అక్కల గుర్తూ లేదు. ఒక్క బొమ్మలో అందరినీ ఇమడ్చడం కష్టమే. అందుకే పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు జవాబుతో ఆపకండి. తల్లి చేతిలో ఏముందో, ఎవరు పెట్టారో, ఎవరు తీశారో చెప్పండి. ఆ తర్వాత, “మన ఇంటి నుంచి ఒక వస్తువు పెట్టాలంటే ఏం పెడతావు?” అని అడగండి. ముఖ్యంగా ఆడపిల్లలను అడగండి.