సయాం రైలుకట్ట మీద మనవాళ్ళు

థాయ్‌లాండులోని కాంచనబురి యుద్ధ శ్మశానవాటికలో దాదాపు 7 వేల సమాధులున్నాయి. గడ్డి సమంగా కత్తిరించి, రాళ్ళ మధ్య పూలమొక్కలు పెంచి, ఫలకాల మీద సైనికుల పేర్లు చెక్కించారు. వీళ్ళంతా జపాను సైన్యం వేయించిన సయాం (థాయ్‌లాండు)–బర్మా రైలుమార్గం పనిలో చనిపోయిన యుద్ధఖైదీలు. అదే కట్ట మీద చనిపోయిన తమిళ, తెలుగు, మలయ్, బర్మా, జావా కూలీలు వీళ్ళకు ఎన్నో రెట్లు. వాళ్ళ పేర్లు అక్కడ ఒక్కటీ కనిపించవు.

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల జనానికి సముద్రం దాటడం కొత్త కాదు. కరువొచ్చినా, అప్పు మెడకు చుట్టుకున్నా ఓడెక్కి 'రంగం', అంటే రంగూన్ పోయేవాళ్ళు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు వాళ్ళను కోరంగీలన్నారు. మరికొందరు మలయా (ఇప్పటి మలేషియా)లోని రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు చేరారు.

1941 డిసెంబరులో మలయా, బర్మాల మీద జపాను దాడి మొదలైంది. మలయాలోని పెనాంగ్‌లో బ్రిటిష్ అధికారులు తెల్లవాళ్ళను గుట్టుగా తరలించి, మిగతా జనాన్ని వాళ్ళ ఖర్మకు వదిలేశారు. ఏళ్ళ తరబడి తమకు చాకిరీ చేసినవాళ్ళకు ఒక్క మాట చెప్పాలని కూడా తోచలేదు. డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. లక్షలాది భారతీయులు కొండలూ అడవులూ పట్టుకుని నడిచి స్వదేశం దారి పట్టారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. మలయా కూలీలకు ఆ దారి కూడా లేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాను చేతికి చిక్కింది. రబ్బరు కొనేవాడు లేడు, తోటలో పని లేదు, బియ్యం లేవు.

బర్మాలోని జపాను సైన్యానికి సముద్రం మీద సరుకులు పంపడం ప్రమాదమైంది. అందుకే 415 కిలోమీటర్ల రైలుమార్గం తలపెట్టారు. ముందు యుద్ధఖైదీలను దించారు, 60 వేల పైచిలుకు. వాళ్ళు చాలక తోటల మీద పడ్డారు. మూడు నెలల పని, రోజుకో డాలరు, తిండి ఉచితమని ఆశ చూపారు. జనం కదలకపోయేసరికి బలవంతం మొదలైంది. కొన్నిచోట్ల ఉచితంగా సినిమా వేస్తామని పిలిచి, లోపలికి వచ్చినవాళ్ళను తలుపులు మూసి పట్టుకుని లారీలెక్కించారు. సాయంత్రం బొమ్మ చూడబోయిన మనిషి తెల్లారేసరికి సయాం బండిలో ఉన్నాడు. పెళ్ళాం బిడ్డలకు కబురందించే దిక్కు లేదు.

రైలు దిగాక అడవిలో రోజుల తరబడి నడక. వెదురు పాకలు, కారే కప్పులు. 1943లో గడువు ముంచుకొచ్చి పని వేగం పెంచారు. అప్పుడే వానలు, వానలతో పాటు కలరా. ఖైదీల దగ్గరా మందులు లేవు. కానీ వాళ్ళలో డాక్టర్లున్నారు, చెప్తే వినే సైనిక క్రమశిక్షణ ఉంది. నీళ్ళు మరిగించి తాగించారు, వెదురు గొట్టాలతో సెలైన్ ఎక్కించే ఏర్పాటు చేసుకున్నారు. కూలీల పాకల్లో ఇవేవీ లేవు. దాహమేస్తే పక్కనున్న వాగే గతి. కలరా సోకినవాణ్ణి చూసేవాడు లేడు, చనిపోతే రాసుకునేవాడూ లేడు. కలరా అందరినీ ఒకేలా పట్టింది, ఆసరా మాత్రం అందరికీ ఒకేలా లేదు. నా దృష్టిలో ఈ చరిత్రలో అతి పెద్ద అన్యాయం ఇదే.

1943 అక్టోబరు 17న పట్టాలు కలిశాయి. అప్పటికి, ఆ తర్వాత మరమ్మతుల్లో కలిపి, 12 వేల పైచిలుకు ఖైదీలు చనిపోయారు. కూలీలు సుమారు 90 వేలమంది అని అంచనా. అంటే కిలోమీటరుకు రెండు వందల మందికి పైనే. ఖైదీలకు రిజిస్టర్లున్నాయి కాబట్టి లెక్క తేలింది. కూలీలది ఇప్పటికీ అంచనాయే.

యుద్ధం ముగిశాక కూడా ఆ తేడా పోలేదు. 1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందంలో జపాను ఆస్తుల నుంచి యుద్ధఖైదీలకు పరిహారమిచ్చే ఏర్పాటు చేశారు. కూలీలు యుద్ధఖైదీలు కారు గనుక వాళ్ళకు అందులో చోటు లేదు. ఈ రైలుమార్గంలోని క్వాయ్ వంతెన మీద 1957లో వచ్చిన హాలీవుడ్ సినిమాను ప్రపంచమంతా చూసింది. వంతెన కథంటే తెల్ల ఖైదీల కథేనని లోకం అనుకుంది. 1990లో కాంచనబురిలో తవ్వితే ఒకే గోతిలో వందలాది మనుషుల ఎముకలు బయటపడ్డాయి. ఎవరివో చెప్పగలవాళ్ళు లేరు.

2023లో మలేషియా భారతీయుల చొరవతో కాంచనబురిలోని ఒక బౌద్ధాలయంలో ఆ కూలీల గుర్తుగా రాయి నిలబెట్టారు. దాన్ని నడుకల్ అన్నారు. మన ఊళ్ళలోని వీరగల్లు లాంటిదే. ఇక ఆ కూలీల పేర్లు తెలియాలి. మీ ఇంట్లో మలయా వెళ్ళి మళ్ళీ రాని తాతో, ముత్తాతో ఉంటే ఆయన పేరు, ఊరు, వెళ్ళిన ఏడు పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టండి. చెప్పగలిగినవాళ్ళు ఇక ఎక్కువమంది మిగల్లేదు.