నీటి గొట్టములు - లోపలి పెచ్చు



వేన్నీళ్లు కాచుకొను కాగు అడుగున కొన్నాళ్లకు తెల్లని పెచ్చు గట్టుట మనమందఱము ఎఱిగినదే. నీటిలో కరగియున్న సున్నపు పదార్థము వేడిమిచే విడివడి యట్లు పేరుకొనును. ఇల్లాలు దానిని గీకి పాఱవైచును. నీరు ప్రవహించు లోహపు గొట్టములలోను కాలక్రమమున అట్టి పెచ్చు కట్టుచుండును. అది శత్రువా, మిత్రమా యను ప్రశ్నకు రెండువేల యేండ్ల చరిత్రము కలదు. దానిని నేడు మీకు విన్నవింతును.

పూర్వము రోమా నగరమునకు దూరపు ఊటలనుండి రాతి కాలువలగుండా నీరు వచ్చెడిది. నగరము చేరిన పిదప సీసపు గొట్టములలో భవనములకును స్నానశాలలకును పోయెడిది. సీసము మెత్తని లోహము. రేకుగా చేసి, చుట్టి, అంచులు అతికినచో గొట్టమగును. లాటిను భాషలో సీసమునకు ప్లంబమ్ అని పేరు. గొట్టములు బిగించు పనివానిని నేటికిని ప్లంబరు అనుట అందుండి వచ్చినదే. క్రీ. పూ. మొదటి శతాబ్దమున విట్రూవియస్ అను వాస్తుశాస్త్రజ్ఞుడు, సీసపు పనివాండ్ర దేహములు పాలిపోవుటను నిదర్శనముగా చూపి, మంటి గొట్టముల నీరే ఆరోగ్యకరమని వ్రాసెను. అయినను సీసపు వాడుక మానలేదు.

క్రీ. శ. 97లో రోమా జలాధికారిగా నియుక్తుడైన ఫ్రాంటినస్‌కు వేఱొక చింత కలిగెను. నీటిలోని మడ్డి గట్టిపడి పెచ్చుగా మాఱి నీటిదారిని ఇఱుకు చేయుచున్నదని ఆతడు తన గ్రంథమున చెప్పెను. ఆ చింత న్యాయమైనదే. గొట్టపు వ్యాసము సగమైనచో నీరును సగమగునని మనకు తోచును. కాని నీటిని నెట్టు ఒత్తిడి మాఱకున్నయెడల, వచ్చు నీరు మునుపటిలో ఐదవ వంతుకంటెను తగ్గిపోవును.

అయినను ఆ పెచ్చే సీసమునకును నీటికిని నడుమ తెరగా నిలిచి, విషము నీటిలో కలియుటను కొంత అడ్డగించెను. 2014లో శాస్త్రజ్ఞులు రోమా రేవునందలి పురాతనపు ఒండ్రును పరీక్షించి, నాటి గొట్టపు నీటిలో ఊట నీటికంటె సుమారు నూఱు రెట్లు సీసముండెననియు, అయినను ప్రజలకు నిజముగా కీడు చేయునంతటిది కాకపోవచ్చుననియు తేల్చిరి.

తరువాతి కాలమున పోత యినుప గొట్టములు వాడుకలోనికి వచ్చెను. నీరును, నీటిలో కరగిన ప్రాణవాయువును ఇనుమును తిని త్రుప్పు చేయును. ఆ త్రుప్పు గొట్టము లోపల చిన్న చిన్న పుట్టలవలె లేచి, దారిని ఇఱుకును గరుకును చేయును. దీనికి ప్రతిక్రియగా 1848లో ఆంగస్ స్మిత్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, గొట్టములను ముందుగనే రాక్షసిబొగ్గు తారులో ముంచు పద్ధతిని కనిపెట్టెను. ప్రకృతి పెచ్చుచే కట్టు తెరను ఆతడు తారుచే కట్టెనన్నమాట.

సున్నము తక్కువగానున్న నీరు పెచ్చు కట్టదు సరికదా, సీసమును కరగించుకొని పోవును. కావున పెక్కు నగరములవారు నీటిలో సున్నమునో భాస్వరపు లవణమునో స్వల్పముగా కలిపి, గొట్టము లోపల పలుచని పొర నిలుచునట్లు చేయుదురు. ఈ చిన్న పనిని మఱచినచో ఏమగునో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఫ్లింటు నగరము చూపినది.

సుమారు లక్షమంది గల ఆ నగరమున పాత సీసపు గొట్టములు పెక్కు లుండెను. 2014 ఏప్రిలులో, వ్యయము తగ్గించుటకై, డిట్రాయిటునుండి వచ్చు నీటిని మాన్పి ఫ్లింటు నది నీటిని వదలిరి. డిట్రాయిటు నీటిలో భాస్వరపు లవణము కలిసియుండెడిది. నది నీటిలో దానిని కలుపరైరి. పైగా లోహమును తిను క్లోరైడు ఆ నీటిలో అధికము. ఏండ్ల తరబడి నిలిచిన పొర చెడి, సీసము నీటిలోనికి దిగెను. నీరు ఎఱ్ఱబాఱినదని జనులు సీసాలతో తెచ్చి చూపిరి. భయము లేదని అధికారులు పలికిరి. ఆ అక్టోబరులో అచ్చటి మోటారు యంత్రముల కర్మాగారమువారు, తమ పనిముట్లు త్రుప్పు పట్టుచున్నవని ఆ నీటిని మానుకొనిరి. ఇనుమునకు పనికిరాని నీటిని శిశువులు మఱియొక సంవత్సరము త్రాగిరి!

2015 సెప్టెంబరులో మోనా హన్నా-అటీషా అను శిశువైద్యురాలు లెక్కలు బయటపెట్టెను. నెత్తుట సీసము హెచ్చిన పసివారు అంతకుముందు నూటికి 2.4 వంతున నుండగా, పిదప 4.9 వంతైరి. ఆ అక్టోబరులో పాత నీటిని మరల తెచ్చిరి. కాని పసివాని మెదడునకు సీసము చేసిన కీడును మరల్చు మందు లేదు.

పెద్దలారా! పాత గొట్టములలోనికి క్రొత్త నీరు వచ్చునపుడు, ఈ నీరు ఈ లోహముతో ఎట్లు మెలగునని పరీక్షింపుడని ముందుగా అడుగుడు. రాత్రియంతయు గొట్టములో నిలిచిన నీటిని ఉదయమున కొంత విడిచి, పిదప త్రాగుటకు పట్టుకొనుడు. నీటి రంగు మాఱినదని ఏ తల్లియైన చెప్పినచో, ఆమెను వారింపక ముందు ఆ నీటిని పరీక్షకు పంపుడు. ఫ్లింటులో ఆ పని తొలినాడే జరిగియున్నచో ఎందఱో శిశువులు ఆ కీడు తప్పించుకొని యుందురు.