గోదావరిఖని షెడ్లకు టర్బో వచ్చిన తోవ

మా దిక్కు జనం టర్బో అనే మాటను కార్లతోనే ఎరుగుదురు. నిజానికి దాని కూత కార్లకంటే చాలా ముందే ఇక్కడికి చేరింది. కాజీపేట–బల్లార్షా రైలుమార్గం 1929లో పూర్తయింది. ఆ లైను మీద బొగ్గింజన్లు పోయి డీజిలింజన్లు వచ్చాక ఎక్కువగా కనబడ్డది డబ్ల్యూడీఎం-2. అమెరికాలోని ఆల్కో కంపెనీ నమూనా అది. 1964 నుంచి వారణాసిలో తయారైంది. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. మంచిర్యాల స్టేషన్లో వ్యాగన్లను గుంజుకుంటూ కదిలిందంటే ప్లాట్‌ఫారమంతా నల్లటి పొగ. డ్రైవర్ హ్యాండిల్ తిప్పగానే డీజిల్ వెంటనే పడుతుంది. దాన్ని కాల్చడానికి గాలి తోసే టర్బో మాత్రం ఊపందుకోవడానికి కొంత టైము తీసుకుంటుంది. ఆ నడుమ సరిగ్గా కాలని డీజిలే ఆ పొగ. పొగ పలచబడి సన్నటి కూత మొదలైందంటే టర్బో అందుకున్నట్టు.

ఈ ఏర్పాటుకు 1905లో పేటెంట్ తీసుకున్నది స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి పొగలో ఇంకా బలం మిగిలి ఉంటుంది. ఆ పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న ఇంకో చక్రంతో ఇంజన్లోకి గాలి కుక్కాలన్నది ఆయన ఆలోచన. అది నమ్మకంగా పనిచేయడానికి ఇరవై ఏండ్లు పట్టింది. 1920ల నడుమ జర్మనీ ఓడలకెక్కింది, 1938లో సౌరర్ కంపెనీ లారీకి ఎక్కింది. 1978లో మెర్సిడెస్ 300ఎస్‌డీ రూపంలో డీజిల్ కారుకూ వచ్చింది. ఓడలోనైనా రైల్లోనైనా ఇంజన్ను కనిపెట్టుకొని ఉండేందుకు మనుషులు ఉంటారు. ఆయిల్ ఎంతుందో, వేడి ఎంతుందో చూసి రాసుకోవడమే వాళ్ల పని. కారు దగ్గరికి వచ్చేసరికి ఆ కాపలా లేకుండా పోయింది. టర్బోల కష్టాలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయని నా నమ్మకం.

మాది గోదావరిఖని. మా బాపు బొగ్గు బాయిలో దిగేవాడు. చిన్నబాపు ఓపెన్‌కాస్టు వర్క్‌షాపులో ఫిట్టరు. 1970ల నుంచి సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు తవ్వడం మొదలుపెట్టాక డంపర్లు వచ్చాయి, 35 టన్నులవి, ఆ తర్వాత 85 టన్నులవి. వాటి ఇంజన్లు టర్బోవే. అంటే మా ఊళ్లో టర్బో పని తెలిసిన మనుషులు, ఊళ్లోకి టర్బో కారు రాకముందు ఇరవై ఏండ్ల నుంచే ఉన్నారు. అయితే ఆ పనితనం గని గేటు లోపలే ఉండిపోయింది. బయట రోడ్డు మీద షెడ్లలో మెకానిక్ పని చేసే మాకు దాని అవసరం పడలేదు.

చిన్నబాపు చేతి అలవాట్లు నాకు ఇప్పటికీ కండ్లముందే ఉంటాయి. పైపు విప్పాడంటే మరుక్షణం దాని మూతికి శుభ్రమైన గుడ్డ కట్టేవాడు. కొత్త టర్బో బిగించేముందు ఆయిల్ పోసే రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి, చక్రాన్ని వేలితో తిప్పి, ఆయిల్ లోపలంతా పాకిందా లేదా చూసేవాడు. ఆ తర్వాత కూడా ఇంజన్ అందుకోకుండా డీజిల్ ఆపి, ప్రెషర్ ముల్లు లేచేదాకా ఒట్టి సెల్ఫ్ కొట్టించేవాడు. "టర్బో దాని చావు అది చావది బిడ్డా, ఎవరో చంపుతరు. ఎవరు చంపిన్రో దొరికేదాక కొత్తది బిగియ్యకు" అనేవాడు.

నేను పని నేర్చుకున్నది మాత్రం ఆయన దగ్గర కాదు, 1980ల చివర మంచిర్యాలలో ఒక ఉస్తాద్ దగ్గర. ఆ రోజుల్లో మా షెడ్డుకు వచ్చేవి డీజిల్ అంబాసిడర్లు, మహీంద్రా జీపులు. ఉట్నూరు, జైనూరు, ఆసిఫాబాద్ దిక్కు జీపే బస్సు, అదే అంబులెన్సు. ఆ ఇంజన్లు గాలి తమంతట తామే పీల్చుకునేవి. మెకానిక్ గొప్పతనమంతా పంపు మీదే తేలేది. మైకో పంపును చెవితో విని టైమింగ్ సరిచేసేవాడే ఉస్తాద్. ఆయిల్ సంగతికి అంత పట్టింపు ఉండేది కాదు. నల్లబడినా, తక్కువపడినా, డ్రమ్ములోంచి లూజుగా తెచ్చి పోసినా ఇంజన్ ఓర్చుకునేది.

1998 ఆఖరున టాటా ఇండికా వచ్చింది. 1405 సీసీ, టర్బో లేదు, యాభైకి కాస్త పైన హార్స్‌పవర్. మా దిక్కు ఏపీ 15, ఏపీ 01 నంబర్ల టాక్సీల్లో సగం అవే అనిపించేవి. 2000లో వచ్చిన క్వాలిస్‌కూ టర్బో లేదు. సఫారీ, ఆ వెనుక 2002లో స్కార్పియో, 2005లో ఇన్నోవా టర్బోతో దిగాయి గానీ అవి కాంట్రాక్టర్ల, లీడర్ల బండ్లు, షోరూంకే పోయేవి. మా షెడ్ల తీరు మార్చింది 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్. ఇంజన్ ఫియట్‌ది, 1248 సీసీ, 75 హార్స్‌పవర్. ఇండికాకంటే చిన్న ఇంజన్ అంతకంటే బాగా గుంజుతుంటే పాత డ్రైవర్లు బానెట్ ఎత్తి చూసేవాళ్లు. అదే ఇంజన్ డిజైర్, పుంటో, ఇండికా విస్టాల్లోకీ వచ్చింది.

2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వం పట్టు వదిలింది, డీజిల్ మీద వదల్లేదు. రెండేండ్లకు లీటరు దగ్గర పాతిక, ముప్పై రూపాయల తేడా వచ్చింది. ఇంక డీజిల్ తప్ప వేరే బండి కొన్నవాడు లేడు. జగిత్యాల, సిరిసిల్ల, మెట్‌పల్లి నుంచి గల్ఫ్ పోయేవాళ్లను శంషాబాద్ విమానాశ్రయంలో దింపి, వచ్చేవాళ్లను ఎక్కించుకొని రావడం పెద్ద కిరాయి. బండి రాత్రీపగలూ నడిచేది. తొమ్మిది పదివేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిల్ ఇరవై వేలకూ మారేది కాదు. రాజీవ్ రహదారి మీద వంద దాటి వచ్చిన బండి దాబా ముందు ఆగీ ఆగగానే తాళం తిప్పేసేవారు.

ఆ తాళం తిప్పడంతో లోపల ఏమవుతుందో చెప్పాలి. చిన్న కారు టర్బోలో ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. దానికి బాల్ బేరింగులు ఉండవు. బుష్షుల నడుమ సన్నటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిల్‌తోనే చల్లబడుతుంది కూడా. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, ఆయిల్ ఆగుతుంది. పొగ చక్రం వేడి మాత్రం అక్కడే ఉండి, నిలిచిపోయిన ఆయిల్‌ను మాడ్చి బొగ్గు చేస్తుంది. రోజూ కొంచెం కొంచెంగా ఆ మసి పేరుకొని ఆయిల్ తోవ మూసుకుపోతుంది. ఒకటి రెండు నిమిషాలు బండిని నిదానంగా నడవనిచ్చి ఆపితే ఈ బాధ చాలావరకు ఉండదు. డంపర్ ఆపరేటర్లకు అది డ్యూటీ రూలు. కారు డ్రైవర్లకు చెప్పినవాళ్లు లేరు.

ఆ రోజుల్లో జగిత్యాల దిక్కు నుంచి ఒక ట్రావెల్స్ కారు వచ్చింది. "టర్బో మార్చి నెల కాలేదన్నా, మళ్ల సైరన్ కొడ్తున్నది" అన్నాడు డ్రైవర్. వేరే ఊళ్లో ఎవరో మార్చారు. నేను ముందు ఎయిర్ ఫిల్టర్ వైపు హోజు పీకి చేయి పెట్టాను. లోపల ఆయిల్ తడి. ఇరుసును వేళ్లతో పట్టుకొని ఊపితే పక్కకు కొంచెం కదలాలి, అది మామూలే. ముందుకూ వెనక్కీ మాత్రం కదలొద్దు. ఇది కదిలింది. చక్రం రెక్కల అంచులు గోడకు రాసుకొని వెండిలాగా మెరుస్తున్నాయి. టర్బో పోయిందన్నది తేలింది. చంపిందెవరో తేలాలి. ఆయిల్ పోయే సన్న పైపు కొసన ఉండే బోల్టు విప్పి చూస్తే దాని రంధ్రంలో పిన్నీసు కూడా దూరలేదు, మసి. పైపులో ఎర్రటి సిలికాన్ ముక్క అడ్డం పడి ఉంది. గ్యాస్కెట్ బదులు పేస్టు ఎక్కువగా పూస్తే లోపలికి పిండుకొని వచ్చేది అదే. ఆయిల్ ఛాంబర్ దింపితే ఆయిల్ గుంజే జాలీ సగానికి పైగా మూసుకుపోయింది. డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు వెలగనేలేదు. ఎందుకంటే ఆ లైటుకు ఇంజన్లో ప్రెషర్ తెలుస్తుంది గానీ టర్బో పైపులో ఆయిల్ పారుతుందో లేదో తెలియదు. ఆ ఓనర్ ఒక నెల కిరాయిలన్నీ పెట్టి కొన్న కొత్త టర్బో, పాతదాన్ని చంపిన రోగంతోనే పోయింది.

అప్పుడు మాకు ఓపెన్‌కాస్టు మనుషులు గుర్తొచ్చారు. రిటైరైన ఫిట్టర్లు సాయంత్రాలు షెడ్లకు వచ్చి కూర్చుని చెప్పారు. దుబాయిలో, మస్కట్‌లో గ్యారేజీల్లో చేసి తిరిగొచ్చిన మా జిల్లా పిల్లలు ఇంకొంత తెచ్చారు. పంపు చెవితో వినే పని వెనక్కి పోయి, పైపు కడగడం, జాలీ చూడడం, ఆయిల్ గ్రేడు అడగడం ముందుకొచ్చాయి. కొందరు ఆ శ్రమ పడలేక టర్బో విప్పేసి, ప్లేటు కొట్టి బండి నడిపించారు. ఆ బండ్లు ఘాట్లెక్కలేక, నల్లపొగ కక్కుతూ పోయాయి. ఆ పని చేసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆయిల్ తర్వాత టర్బోకు శత్రువు దుమ్ము. ఖనిలో బొగ్గు పొడి, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీల పొడి, నాగోబా జాతరకు కేస్లాపూర్ పోయే తోవల్లో ఎర్రమట్టి. ఫిల్టర్ చిరిగిన బండి చక్రాన్ని చూస్తే రెక్కల ముందంచులు కొరికేసినట్టుంటాయి. గ్రానైట్ పొడి అన్నిటికంటే చెడ్డది.

అన్నిటికంటే భయపడాల్సింది మాత్రం ఇంకొకటి ఉంది. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కుతుండగా సీలు పోయిన టర్బో, ఇంజన్ ఆయిల్‌నే గాలితోపాటు లోపలికి పంపుతుంది. డీజిలింజన్‌కు ఆ ఆయిలూ ఇంధనమే. ఎక్సలేటర్ వదిలినా ఇంజన్ లేస్తూనే ఉంటుంది, తాళం తీసినా ఆగదు, వెనుక తెల్లటి, నీలిరంగు పొగ. అలాంటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, హ్యాండ్ బ్రేకు గుంజి, టాప్ గేరు వేసి క్లచ్ ఒక్కసారిగా వదలాలి. ఇంజన్ గొంతు పట్టుకున్నట్టు ఆగుతుంది. లేదా గాలి పీల్చే మూతికి చెక్కపలక అడ్డం పెట్టాలి, చేయి పెట్టొద్దు. మా దగ్గరికి వచ్చే ప్రతి డ్రైవర్‌కూ ఇది చెప్పి పంపేవాళ్లం.

2014 అక్టోబరులో డీజిల్ ధరనూ వదిలేశారు, తేడా తగ్గింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నియమాలు వచ్చి చిన్న డీజిల్ కార్లు దాదాపు ఆగిపోయాయి. మారుతి డీజిలే మానేసింది. హైదరాబాద్‌లో అమ్ముడుపోయిన పాత డీజిల్ బండ్లు మాత్రం ఇంకా బెల్లంపల్లి, చెన్నూరు దిక్కు తిరుగుతున్నాయి, షెడ్డుకు వస్తున్నాయి. కొత్తగా వస్తున్నవి పెట్రోలు టర్బోలు. వాటి పొగ డీజిల్ పొగకంటే వేడి. మా పిల్లలు ముందు స్కానర్ పెడతారు. అది గాలి ప్రెషర్ తక్కువని చూపిస్తుంది, ఎందుకు తక్కువో చూపించదు. మొన్న అలాంటి కోడ్‌తో ఒక బండి వస్తే ఓనర్ టర్బో మార్చేయమన్నాడు. డబ్బులు చేతిలో పట్టుకొనే వచ్చాడు. మా కుర్రవాడు టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోజులన్నీ సబ్బునీళ్లతో తడిపి, ఇంజన్ రేజ్ చేయించి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూశాడు. క్లిప్పు ఒకటి వదులైంది. బిగించి పంపించాడు, టర్బో బాగానే ఉంది.