హోదా వెనక పుణె డైరెక్టరు

'ప్రత్యేక హోదా' మాట వినని ఆంధ్రుడు లేడు. దానికోసం బంద్‌లు జరిగాయి, రాజీనామాలూ జరిగాయి. ఆ రభసలో అప్పుడప్పుడూ దొర్లిన పేరు గాడ్గిల్. ఎవరో ఢిల్లీ అధికారి అనుకుని ఊరుకున్నాం. కానీ ధనంజయ రామచంద్ర గాడ్గిల్ ఉద్యోగ జీవితంలో సింహభాగం గడిచింది పుణెలో, ఒక పరిశోధన సంస్థ డైరెక్టరుగా.

సతారా వకీలు ఆర్.ఆర్. కాళే ఇచ్చిన విరాళంతో 1930లో సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ గోఖలే రాజనీతి, అర్థశాస్త్ర సంస్థను స్థాపించింది. సూరత్‌లో కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న గాడ్గిల్‌ను పిలిచి పగ్గాలు అప్పగించింది. అప్పటికాయనకు 29 ఏళ్లు. 1966 దాకా ఆ కుర్చీ ఆయనదే.

కొత్త సంస్థ తొలినాళ్లలో పట్టుకున్న పనేమిటో తెలుసా? పుణె బజారులో పళ్ల వ్యాపారం! 1933లో దానిమీద పుస్తకమే వేశారు. రెండేళ్లకు, బొంబాయి ప్రెసిడెన్సీలోని ఆరు జిల్లాల మోటారు బస్సుల మీద మరొకటి. రాజనీతి అని బోర్డు పెట్టుకుని పళ్ల బుట్టల వెంట పడటమేమిటని నవ్వొచ్చు. తోట రైతుకు దక్కేదెంత, కొనేవాడు ఇచ్చుకునేదెంత, మధ్యలో ఎవరి చేతిలో ఎంత ఆగుతోంది? నన్నడిగితే ఇంతకు మించిన రాజకీయం లేదు. ఉపన్యాసాలకూ అక్కడ లోటు లేదు. సమాఖ్యా, స్వేచ్ఛా అంటూ 1939లో అంబేడ్కర్ ప్రసంగించింది ఆ సంస్థ సభలోనే.

లెక్కలు రాసి ఊరుకునే రకం కాదు గాడ్గిల్. అహ్మద్‌నగర్ జిల్లా లోణిలో విఠల్‌రావ్ విఖే పాటిల్ అనే రైతు చెరకు రైతులను కూడగడితే, ఆ సహకార చక్కెర ఫ్యాక్టరీకి తొలి చైర్మన్‌గా నిలబడ్డారు.

ఢిల్లీ పిలుపు 1967లో వచ్చింది, ప్రణాళికా సంఘం ఉపాధ్యక్ష పదవికి. అప్పటిదాకా రాష్ట్రాలకు ప్రణాళిక సాయం పంచడానికి ఒక ఖాయమైన సూత్రం లేదు. 1969లో గాడ్గిల్ సూత్రం వచ్చింది. అసోం, నాగాలాండ్, జమ్మూకశ్మీర్ అవసరాలు ముందు చూసి, మిగిలినదాంట్లో 60 శాతం జనాభాను బట్టి పంచాలి. తలసరి ఆదాయంలో వెనకబాటు, పన్నుల వసూలులో చూపిన శ్రద్ధ, నడుస్తున్న భారీ సాగునీటి, విద్యుత్ ప్రాజెక్టులు, ప్రత్యేక సమస్యలు - వీటికి తలా 10 శాతం. ప్రత్యేక హోదా పొందిన ఆ మూడు రాష్ట్రాలకు ఇచ్చేదాంట్లో 90 శాతం గ్రాంటు, 10 శాతం అప్పు. తక్కినవాటికి గ్రాంటు 30 శాతమే. మన హోదా పోరాటమంతా ఈ 90 దగ్గర పుట్టిందే.

గాడ్గిల్ 1971 మే 3న కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల హోదా ఇస్తామని 2014 ఫిబ్రవరి 20న ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో ప్రకటించారు. ఏడాది తిరక్కుండానే ప్రణాళికా సంఘం పోయి, 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. గాడ్గిల్ సూత్రంతో సాయం పంచడమూ ఆ ఏడాదే ఆగిపోయింది.