డాక్టర్ రోడ్డు, హరిజనవాడ: బోర్డు మీద కులం (6వ భాగం)

చెన్నై టి.నగర్‌లో ఒక వీధి బోర్డు మీద 'డాక్టర్ రోడ్' అని రాశారు ఒకప్పుడు. ఏ డాక్టరో లేదు. కొత్తగా ఊళ్లోకి వచ్చినవాడు ఆ వీధి నిండా ఆసుపత్రులే ఉన్నాయేమో అనుకోవాలి. అసలు పేరు డాక్టర్ నాయర్ రోడ్. 1970ల చివర ఎం.జి.ఆర్. ప్రభుత్వం వీధుల పేర్లలో కులం ఉండకూడదంది. నాయర్ అంటే కులమే కదా, కొట్టేశారు. డాక్టరు ఒక్కడూ మిగిలాడు. అదే ఊపులో జి.ఎన్. చెట్టి రోడ్డు జి.ఎన్. రోడ్డు అయింది.

ఆ నాయర్ ఎవరో తెలుసుకుంటే నవ్వు సగంలో ఆగిపోతుంది. టి.ఎం. నాయర్. 1916లో పిట్టి త్యాగరాయ చెట్టితో కలిసి జస్టిస్ పార్టీ పెట్టినవాడు. చట్టసభల్లో బ్రాహ్మణేతరులకు ప్రత్యేకంగా సీట్లు కావాలని అడగడానికి లండన్ పోయి, 1919లో అక్కడే చనిపోయాడు. కుల ఆధిపత్యాన్ని ప్రశ్నించిన మనిషి పేరు కుల నిర్మూలన పేరుతోనే మాయమైంది. (మాటవరసకు చెప్తున్నా. టి.నగర్‌లో 'టి' అంటే ఈ త్యాగరాయే. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు. అక్కడి పానగల్ పార్కు మన కాళహస్తి వైపు జమీందారు పానుగంటి రామారాయణింగారి పేరు మీద ఉంది. ఆ పేటంతా జస్టిస్ పార్టీ హాజరు పట్టీ.)

కులం పేరు తీసేయాలనే ఎవరైనా నోరెత్తగానే ఈ డాక్టర్ రోడ్డు కథ చెప్పి నవ్వేవాళ్లు ఉన్నారు. నవ్వనివ్వండి. నాకు అందులో వేరే సంగతి కనిపిస్తుంది. నాయర్, చెట్టి, మొదలియార్ బోర్డు మీద తోకలు. తోక కోస్తే కనీసం ఇనీషియల్స్ మిగులుతాయి, డాక్టర్ అన్న పట్టా మిగులుతుంది. మన వాడల బోర్డు మీద కులం తోక కాదు. తలా మొండెం అన్నీ అదే. దాన్ని కోస్తే బోర్డే ఖాళీ.

మన రెండు రాష్ట్రాల్లో పల్లె రోడ్ల పక్కన పాతిన బోర్డులు ఒకసారి ఆగి చదవండి. 'మెయిన్ రోడ్డు నుండి హరిజనవాడ వరకు', 'ఎస్.సి. కాలనీకి పోవు దారి'. రోడ్డు పొడవు దశాంశాలతో సహా ఉంటుంది. అంచనా వ్యయం, పని మొదలైన తేదీ, కాంట్రాక్టరు పేరు ఉంటాయి. కాంట్రాక్టరు పేరు చివర ఆయన కులం కూడా గౌరవంగా నిలబడి ఉంటుంది. ఆ రోడ్డు చివర బతికే రెండు వందల కుటుంబాల చోటికి మాత్రం పేరుండదు. ఒకే వాడకు నేను మూడు బోర్డులు చూశాను. రోడ్డు మీద హరిజనవాడ, బడి గోడ మీద ఎస్.సి. కాలనీ, కుర్రాళ్లు చందాలేసుకుని కట్టిన ఆర్చి మీద అంబేద్కర్ నగర్. మూడింటి మధ్య వంద గజాల దూరం లేదు. ఊళ్లోవాళ్లు నోటితో పిలిచేది నాలుగోది, మాలపల్లె.

పెయింటరు పొరపాటని దీన్ని సరిపెట్టుకోలేం. మనం వద్దన్న మాటలు మన మీదే మళ్లీ మళ్లీ రాసిన చరిత్ర ఇది.

1917 నవంబరులో బెజవాడలో ఒక మహాసభ పెట్టారు. పిలుపు 'పంచముల' సభ అని వెళ్లింది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. నాలుగు వర్ణాల లెక్క అయిపోయాక ఐదోవాళ్లుగా మమ్మల్ని ఎవరు లెక్కపెట్టారు, ఈ నేల మీద మొదటినుంచీ ఉన్నది మేమే, మేము ఆది ఆంధ్రులం అని సభ పేరే మార్చేశారు. 1922లో మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా తీర్మానం పెట్టాడు. పంచమ, పరయ అని రాయడం మానేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం మనవాళ్లను ఆది హిందువులుగా రాసుకుంది. అప్పటికి మన పేరు మనం పెట్టుకున్నాం, సర్కారు కాగితాల్లోకి కూడా ఎక్కించుకున్నాం.

అది జరిగి పదేళ్లో పన్నెండేళ్లో అయిందో లేదో, గాంధీ వచ్చి 'హరిజన' అన్నాడు. ఎవరు అడిగారు? 1938లో బొంబాయి శాసనసభలో కాంగ్రెసువాళ్లు లోకల్ బోర్డుల చట్టంలోకి ఆ మాటను ఎక్కించబోతే, మాకు నచ్చని పేరు మాకు పెట్టకండని చెప్పి బాబాసాహెబ్ తన పార్టీ సభ్యులతో సహా సభలోంచి లేచి వెళ్లిపోయారు. 1982లో కేంద్ర హోం శాఖ కూడా కుల ధృవపత్రాల్లో ఆ మాట వద్దని రాష్ట్రాలకు చెప్పింది. ధృవపత్రం మీద పోయింది. రోడ్డు మీద పోలేదు. అయిదారేళ్లకోసారి కొత్త పెయింటు పడుతుంది, పాత మాట మీదే.

'కాలనీ' సంగతి ఇంకో విచిత్రం. హైదరాబాదులో ఉద్యోగుల కాలనీ, డాక్టర్ల కాలనీ అంటే ఇంటి స్థలం ధర పెరుగుతుంది. పల్లెలో ముందు ఏ మాటా లేకుండా ఉత్త 'కాలనీ' అంటే మనమే. సర్కారు ఊరి అవతల పట్టాలిచ్చి ఇళ్లు కట్టించిన చోటల్లా ఆ మాట వెలివాడకు ఇంగ్లీషు పేరైంది. 2024 జూన్‌లో కేరళ మంత్రి కె. రాధాకృష్ణన్ పదవి దిగిపోతూ ఈ మాట వాడొద్దని ఉత్తర్వు ఇచ్చాడు. 2025 ఏప్రిల్‌లో స్టాలిన్ అసెంబ్లీలో అదే మాట చెప్పాడు. అంతకుముందే, 2020 డిసెంబరులో, మహారాష్ట్ర మంత్రివర్గం మహార్‌వాడ, మాంగ్‌వాడ పేర్లు తీసేసి సమతానగర్, భీమ్‌నగర్ లాంటివి పెట్టాలంది.

2025 అక్టోబరులో తమిళనాడు మళ్లీ వీధుల్లో కులం పేర్లు తీసేయాలని ఉత్తర్వు తెచ్చింది. అదే వారంలో కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు. దాని పేరు జి.డి. నాయుడు ఫ్లైఓవర్. తెలుగు కుటుంబంలో పుట్టిన పెద్ద ఇంజనీరు, పేరు పెట్టడానికి తగినవాడే, అందులో నాకు తగువు లేదు. 'నాయుడు' తీసేస్తే ఆయన ఎవరో జనానికి తెలియదన్నారు సర్కారు తరఫున. నిజమే, డాక్టర్ రోడ్డు మీద మనం చూసింది అదే. కానీ ఆ జాగ్రత్త ఎవరి పేరు దగ్గర గుర్తొస్తుందో గమనించండి.

ఉత్తరాన సహారన్‌పూర్ జిల్లా ఘడ్‌కౌలి అనే ఊళ్లో 2016 ప్రాంతంలో మనవాళ్లు రోడ్డు పక్కన బోర్డు పెట్టారు. 'ది గ్రేట్ చమార్' అని మొదలై, అంబేద్కర్ పేరు మీదుగా, ఊరు మీకు స్వాగతం చెప్తోందని ముగుస్తుంది. తిట్టుగా వాడిన మాటను నిలువెత్తు అక్షరాల్లో రాసుకున్నారు. ఠాకూర్లు ఊరుకోలేదు. గొడవలయ్యాయి, పోలీసులు వచ్చారు, భీమ్ ఆర్మీ పేరు దేశానికి తెలిసింది. 2025 సెప్టెంబరులో అలహాబాద్ హైకోర్టు తీర్పు తర్వాత యోగి ప్రభుత్వం కులాన్ని గొప్పచేసే బోర్డులన్నీ తీసేయమంది. ఊరంతా తమ జాగీరని రాసుకున్న పైకులం బోర్డు, ఘడ్‌కౌలి లాంటి బోర్డు ఆ ఉత్తర్వులో ఒకటే. కొలమానం ఒకటే కాబట్టి న్యాయం అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. ఒకరు మీదికొచ్చే మాట రాశారు, ఇంకొకరు తల ఎత్తుకునే మాట రాశారు.

మన దగ్గర చేయాల్సిన పని చిన్నదీ, ఓపికదీ. చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ వాడ బోర్డు ఫొటో తీయండి. ఎవరు పెట్టారు, ఏ సంవత్సరం, ఏ పథకం కింద అన్నది కింద సన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ రాసుకోండి. తర్వాత ఇంట్లో అవ్వనో తాతనో అడగండి, ఈ బోర్డు రాకముందు మన చోటును మనం ఏమని పిలుచుకునేవాళ్లమని. చెరువు పేరో, చెట్టు పేరో, మొదట వచ్చి గుడిసె వేసిన మనిషి పేరో చెప్తారు. ఆ పేరుతో గ్రామసభలో తీర్మానం అడగొచ్చు. వాటిని నాకు పంపండి. ఏడో భాగం వాటితోనే రాస్తాను.

జై భీమ్.