తోక తెగిన పందెపు కార్లు

మోటారుకారును చూచినప్పుడు మన దృష్టి ముందుగా పడేది దాని ముఖము మీద. దీపములు, వాటి నడుమ జాలీ, పైన తయారీదారు ముద్ర - వీటిని చూచి ఫలానా కంపెనీ బండి అని చిన్నపిల్లలు కూడ చెప్పగలరు. వెనుక భాగమును పట్టించుకొనేవారు తక్కువ. కాని 1960 ప్రాంతమున ఇటలీ దేశములో పందెపు కార్ల తలరాతను చాలవరకు నిర్ణయించినది ఆ వెనుక భాగమే. పాత బండిని మూల పడవేయక, దాని రేకులు ఊడదీసి, వెనుక భాగమును కొత్త బండి తీరున మలచి, మళ్ళీ పందెమునకు దింపిన ఉదంతములు ఆ సంవత్సరములలో కొన్ని జరిగినవి. వాటిలో ఒకటి పంతము వలన జరిగినది. తక్కినవి నిబంధనల చిక్కు వలన జరిగినవి. ఆ రెండు రకములను గురించి మేమిక్కడ ముచ్చటింపదలచినాము.

వేసవిలో మన పల్లెటూరి మట్టిబాట మీద బస్సు పోయినప్పుడు, లేచిన దుమ్ము ఏమవుతుందో గమనించినవారికి ఈ శాస్త్రము సగము తెలిసినట్లే. ఆ దుమ్ము సుడి తిరుగుతూ బస్సునే వెంబడించి, దాని వెనుక అద్దమునకు అంటుకొంటుంది. బండి గాలిని చీల్చుకొని ముందుకు పోగా, దాని వెనుక ఒత్తిడి తగ్గిన తావు ఒకటి ఏర్పడుతుంది. దుమ్మును పిలిచేది ఆ తావే. బండిని వెనుకకు గుంజేది కూడ అదే. వేగము రెట్టింపైతే ఈ గాలి అడ్డు నాలుగింతలవుతుంది. కావున బజారులో తిరిగే బండికి లెక్కలోనికి రాని విషయము పందెపు బండికి ప్రాణసంకటమవుతుంది.

గాలి చెదరక జారిపోవలెనన్న, బండి వెనుక భాగమును చేపతోకవలె పొడుగుగా సన్నగిల్లజేయవలెనని తొలినాటి శాస్త్రజ్ఞులు చెప్పినారు. మాట నిజమే. అంత తోక గల బండిని మలుపు తిప్పేదెట్లు? 1930 తరువాతి సంవత్సరములలో జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున వూనిబాల్డ్ కామ్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు దీనికొక ఉపాయము చూపినారు. పైకప్పును మెల్లగా వాల్చుకొంటూ వచ్చి, తగిన చోట నిలువుగా తెగగోసివేసినచో, పొడుగుతోక వలన కలిగే లాభములో చాలా భాగము దక్కుతుంది. బరువు, పొడవు మిగులుతవి. అట్టి తోకకు ఆయన పేరే నిలిచినది.

ఇక బాడీ మార్చుట అనే సంగతి. మన విజయవాడ ఆటోనగరులో లారీలకు బాడీ కట్టే పద్ధతి చూచినవారికి దీనిని వివరింపనక్కరలేదు. ఛాసీ ఒక చోటి నుండి వస్తుంది; బాడీ మరొక చోట, మరొకరి చేతి మీద తయారవుతుంది. బండికి గుర్తు ఛాసీ మీద చెక్కిన నెంబరే గాని, పైనున్న రేకు కాదు. ఫెరారి కార్లును అంతే. ఇంజను మారనెల్లోలో తయారైతే, చట్రము మీద అల్యూమినియం రేకును సుత్తితో సాగగొట్టి బాడీ కట్టినది మోడెనాలోని సెర్జియో స్కాలియెత్తి పనివారు.

1959లో ఫెరారి సంస్థ 250 జి.టి. అనే బండిలో చట్రము కురుచైన రకమును వెలువరించినది. ముందు చక్రములకు, వెనుక చక్రములకు నడుమ దూరము 2,400 మిల్లీమీటర్లు. మూడు లీటర్ల ఇంజను, పన్నెండు సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరు పరిమాణము సుమారు 250 ఘనసెంటీమీటర్లు గనుక ఆ పేరు. చూడ ముచ్చటైన బండి. కాని దాని వీపు గుండ్రముగా క్రిందికి జారిపోవుటచే మిక్కిలి వేగమున గాలి అడ్డు ఎక్కువయ్యేది. వెనుక భాగము తేలికపడేది. 1961లో ఇంగ్లండు నుండి జాగ్వార్ ఇ-టైపు బయలుదేరగానే, ఇక ఈ బండితో నెగ్గుకొనిరావడము కష్టమని ఫెరారివారికి తోచినది. జొత్తో బిజ్జరీని అనే ఇంజనీరు రహస్యముగా కొత్త బండికి రూపకల్పన మొదలుపెట్టినాడు. ముక్కు సన్నగా, తోక ఎత్తుగా, తెగగోసినట్లుగా ఉండే ఆ బండియే 1962 ఫిబ్రవరిలో లోకమునకు చూపబడిన 250 జి.టి.ఓ. ఇట్టి తరగతిలో పోటీ చేయవలెనన్న నూరు బండ్లు తయారు చేయవలెనని అంతర్జాతీయ సమాఖ్య నియమము. ఫెరారి నిర్మించిన జి.టి.ఓ.లు అన్నియు కలిపి 36 మాత్రమే! ఇది కొత్త బండి కాదు, పాత 250 జి.టి.కే బాడీ మార్చినామన్న వాదనతో అనుమతి సంపాదించినారు. లాయర్లకు కూడ ముచ్చట గొలిపే వాదన.

బండి లోకము ముందుకు వచ్చేనాటికి దానిని ఊహించినవాడు సంస్థలో లేడు. 1961 చివర యజమాని ఎంజో ఫెరారితో కలహించి బిజ్జరీని, కార్లో కీటి మున్నగు ముఖ్యోద్యోగులు పలువురు బయటకు వచ్చివేసినారు. వారు పెట్టదలచిన పోటీ సంస్థకు ధనసహాయము చేసినవారిలో వెనిస్ నగరపు యువకుడు, జొవాన్ని వోల్పి ప్రభువు ఒకడు. ఆయనకు సొంత పందెపు జట్టు ఉన్నది. జి.టి.ఓ. కొనుటకు ఆయన సిద్ధపడగా, ఫెరారి అమ్మనని త్రోసిపుచ్చినాడు.

వోల్పి వద్ద 2819 నెంబరు గల పాత కురుచ చట్రపు బండి ఉన్నది. 1961లో ఫ్రాన్సు దేశము చుట్టివచ్చే పందెములో రెండవ స్థానము గెలిచిన బండి. దానినే బిజ్జరీనికి అప్పగించినాడు. జి.టి.ఓ.లో తాను చేయదలచి చేయలేకపోయిన పనులన్నిటిని బిజ్జరీని ఇందులో చేసినాడని మా ఊహ. ఇంజనును మరింత క్రిందికి, మరింత వెనుకకు జరిపినాడు. మూడు కార్బురేటర్ల స్థానమున ఆరు అమర్చినాడు. అటుపిమ్మట బాడీ కట్టే పియెరో ద్రోగోతో కలిసి పైకప్పును క్రిందికి వాల్చక, ఇంచుమించు అదే ఎత్తున చివరిదాక లాగి, నిలువుగా తెగగొట్టినాడు. కామ్ ఆచార్యుని సిద్ధాంతమును ఇంత మొహమాటము లేకుండ అమలు జరిపిన బండి ఆ కాలపు పందెములలో అరుదు. గేరుపెట్టె మాత్రము పాతదే. జి.టి.ఓ.కు అయిదు గేర్లు, దీనికి నాలుగే.

1962 జూన్‌లో ఫ్రాన్సులోని లె మాన్స్ ఇరువదినాలుగు గంటల పందెమునకు ఈ బండి వచ్చినప్పుడు జనము నవ్వినారు. ఫ్రెంచివారు దీనికి చిన్న లారీ అని పేరు పెట్టినారు. ఇంగ్లీషువారు రొట్టెల బండి అన్నారు. నాలుగు గంటలు గడవకముందే నవ్వు ఆగినది. ఆ పందెములోని జి.టి.ఓ.లన్నిటిని వెనుక వేసి, మొత్తము మీద ఏడవ స్థానమున పరుగెత్తుచుండగా దాని ఇరుసుగొట్టము విరిగి నిలిచిపోయినది. ఓడినదనుటకు వీలులేదు, గెలిచినదని రాయుటకును లేదు. ఆ ఏడే ఆగస్టులో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్ పందెమున తన తరగతిలో ప్రథమముగా వచ్చినది. అక్టోబరులో పారిస్ దాపున మోంలేరీలో వేయి కిలోమీటర్ల పందెమున మూడవ స్థానము పొందినది.

రెండవ కథలో ఇంత నాటకీయత లేదు. 1963 చివర ఫెరారి 250 ఎల్.ఎమ్. అనే మరొక బండిని సిద్ధపరచినాడు. దాని ఇంజను డ్రైవరు వెనుక ఉంటుంది. దీనిని కూడ పాత బండికి మార్పే అని ఒప్పించబోగా, సమాఖ్య ఈసారి ఒప్పుకొనలేదు. అమెరికా నుండి కోబ్రా కార్లు వెన్నంటి వస్తున్నవి. వేరు దారి లేక జి.టి.ఓ.కే కొత్త బాడీ కట్టించినారు. పాతదానికన్న పొట్టిది, వెడల్పైనది. పైకప్పు డ్రైవరు తల వెనుకనే ఆగిపోతుంది. వెనుక అద్దము నిలువుగా లోపలికి నొక్కినట్లు ఉంటుంది. దానికి ఇరుప్రక్కల రెండు రెక్కలు తోక వరకు వాలుతవి. ఇదంతా ఎల్.ఎమ్. వాలకమే. ఈ తీరున కొత్తగా చేసినవి మూడు. ముందటి జి.టి.ఓ.లలో నాలుగింటిని ఊడదీసి ఇదే బాడీ తొడిగినారు. 1964 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటోనాలో ఈ కొత్త తీరు బండి గెలిచినది. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ కూడ ఫెరారికే దక్కినది. అయినప్పటికి, లె మాన్స్‌లో ఆ తరగతి విజయము తీసికొనిపోయినది కోబ్రా. దాని తోకను గూడ నిలువుగా తెగగోసినారు. ఫెరారి రెక్కల కప్పు కంటికింపైనదే; గాలికి ఎంత ఇంపైనదో మాకు సందేహము. వోల్పి రొట్టెల బండి ముందు అది సొగసుకాడి వలె కనిపిస్తుంది.

ఆ నాలుగింటిలో 3413 నెంబరు బండి చరిత్ర చెప్పుకొనదగినది. 1962లో పాత బాడీతో ఇటలీ జాతీయ ఛాంపియన్‌షిప్ తన యజమానికి సాధించిపెట్టినది. సిసిలీ ద్వీపములో కొండదారుల వెంట జరిగే తార్గా ఫ్లోరియో పందెమున 1963లోను, బాడీ మారిన పిమ్మట 1964లోను తన తరగతిలో గెలిచినది. పాత రేకు మీద ప్రీతి గలవారు దీనిని తొలి రూపమునకు తేవలెనని తలచి ఉండవచ్చును. సంస్థ తానే మార్చిన బాడీ గనుక, దానిని ఊడదీయడము చరిత్రను ఊడదీయడమే అని మరి కొందరి వాదము. 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటరే వేలములో ఈ బండి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. ఆనాడు దాని ఒంటిమీద ఉన్నది 1964లో తొడిగిన బాడీయే.