పనిచోట మనసు

సికింద్రాబాదు దండునకును, రైళ్లకును పేరుపడ్డ పట్టణము. నిజాము సికందర్ జా పేరిట 1806లో వెలసిన ఈ ఊరికి 1874లో వాడి నుండి రైలుబాట వచ్చి చేరినది. నాటినుండి వేలకొలది జనము ఇచట గంట కొట్టిన వేళకు పనిలోనికి దిగుచు, ఒకరి మెలకువపై మరియొకరి ప్రాణము నిలిచియుండు కొలువులు చేయుచున్నారు. అట్టి కొలువులలో మనుష్యుని మనసు ఏ తీరున నడచునో విచారించునదే పారిశ్రామిక మనస్తత్వ శాస్త్రము. దీనిలో ఎం.ఏ. చదువగోరు యువతీయువకులు నేడు మన నగరములో కలరు. పట్టము చేతికి వచ్చిన పిమ్మట ఉద్యోగమేమని ఇంటి పెద్దలు అడుగుదురు. ఆ ప్రశ్న సహజమే. కాని దానికంటె ముందుగా అడుగదగినది ఒకటి కలదు: ఈ విద్య పనిచేయువానికి చుట్టమా, పని చేయించుకొనువానికి చుట్టమా? దీని చరిత్రను ఒకింత తిరుగవేసినచో జవాబు దొరకవచ్చును.

ఈ శాస్త్రము పుట్టినది యజమానుల వాకిటనే. జర్మనీ నుండి అమెరికాకు వెళ్లి హార్వర్డులో ఆచార్యుడైన హ్యూగో మున్‌స్టర్‌బర్గ్, బోస్టను నగరపు ట్రాము చోదకులను పరీక్షించు పద్ధతి నొకదానిని కల్పించెను. పరిశ్రమలలో మనస్తత్వ శాస్త్రముయొక్క ఉపయోగమును గూర్చి 1913లో ఆంగ్లమున గ్రంథము వెలువరించెను. పనికి తగిన మనిషి యెవరన్నదే ఆనాటి ప్రశ్న. 1924లో షికాగో చెంతనున్న హాథార్న్ కర్మాగారములో ప్రారంభమైన పరిశోధనలతో ప్రశ్న మారినది. దీపకాంతిని పెంచిన గుంపులోనే గాక, పెంచని గుంపులో గూడ పని హెచ్చినట్లు పరిశోధకులు చెప్పిరి. ఆ లెక్కలపై తరువాతివారు ఎన్నో ఆక్షేపణలు తెచ్చిరి. అయినను, మనిషిని మాత్రమే కాక అతని చుట్టునున్న పరిస్థితులను గూడ చూడవలెనను ఆలోచన అచటినుండియే బలపడినది.

మన దేశములో మనస్తత్వ శాస్త్రమునకు తొలి శాఖ 1916లో కలకత్తా విశ్వవిద్యాలయములో ఏర్పడినది. 1953లో లండను టావిస్టాక్ సంస్థకు చెందిన ఏ.కె. రైస్ అహమదాబాదు కాలికో మిల్లులో ఒక ప్రయోగము చేసెను. ఆటోమేటిక్ మగ్గముల వద్ద ఎవరి ముక్క వారు చేసికొని పోవుచున్న పనివారిని చిన్న బృందములుగా కూర్చి, కొన్ని మగ్గముల పూర్తి బాధ్యతను ఒక్కొక్క బృందమునకు అప్పగించిరి. ఉత్పత్తి పెరిగినది, బట్టలో లోపములు తగ్గినవి. మన ప్రాంతములో 1967లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య కె. రామకృష్ణారావు మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రముల శాఖను నెలకొల్పిరి.

తెలుగుదేశములో ఈ శాస్త్రము చేసిన ప్రయోగములలో లోకప్రసిద్ధమైనది కాకినాడ వర్తకుల కథ. 1962లో హైదరాబాదుకు తరలివచ్చిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ, హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ మెక్లెలండ్‌తో కలసి 1964లో దీనిని ప్రారంభించినది. కాకినాడ నుండి 52 మంది వర్తకులు, పరిశ్రమల యజమానులు విడతలుగా హైదరాబాదుకు వచ్చి, పది దినముల చొప్పున శిక్షణ పొందిరి. అచట వారికి లెక్కల పాఠములు చెప్పలేదు. బొమ్మను చూచి కథ అల్లుమనిరి. మేకునకు కడియములు విసరు ఆట ఆడించిరి. మరీ దగ్గర నిలిచి విసరిన గెలుపులో ఘనత లేదు. మరీ దూరమునుండి విసరిన గెలుపు అదృష్టముదే. శ్రమించిన అందుకొనగల నడిమి దూరమును ఎంచుకొనువాడే కార్యసాధకుడని వారికి తమ ఆటలోనే బోధపడునట్లు చేసిరి.

తరువాత కొన్ని సంవత్సరములు వారి వ్యాపారములను, శిక్షణ పొందని ఇతరుల వ్యాపారములతో పోల్చి చూచిరి. శిక్షణ పొందినవారు కొత్త పనులకు ఎక్కువగా పూనుకొనినట్లు తేలినది. అందుకు వారు తమ ఆచారములను, నమ్మకములను విడువవలసిన అవసరము కలుగలేదు. అన్నిటికంటె గమనింపదగిన విషయము మరియొకటి: తన వ్యాపారములో తానే నిర్ణయము చేయగలవారియందే ఆ మార్పు స్పష్టముగా కనిపించినది. పెత్తనము మరియొకరి చేతిలో నున్నవారికి అదే శిక్షణ అంతగా ఫలింపలేదు. అధికారము లేని చోట ఉత్సాహమును నూరిపోసి ప్రయోజనము లేదని దీని తాత్పర్యము.

ఇక మన సికింద్రాబాదు. 1966లో దక్షిణ మధ్య రైల్వేకు ఇది ముఖ్యస్థానమైనది. 1962లో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఏర్పడిన రైల్వే ప్రమాదముల విచారణ సంఘము, ప్రమాదములలో మానవ స్వభావపు పాత్రను గూడ పరిశీలించినది. ఆ దశాబ్దములోనే రైల్వేలలో మనస్తత్వ పరీక్షల విభాగము వెలసినది. నేడు ఇంజను నడుపు కొలువున చేరగోరువారు ఆ పరీక్ష దాటవలసినదే. అటు సైన్యములో, 1970లో ఈ పట్టణముననే నెలకొన్న రక్షణ నిర్వహణ సంస్థ 1980లో కళాశాలయైనది. అచట త్రివిధ దళముల అధికారులు చదువుదురు. ఆ చదువునకు ఉస్మానియా విశ్వవిద్యాలయము మాస్టర్స్ పట్టము నిచ్చుచున్నది. ఇంటివద్దనుండియే చదువదలచినవారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్ర ఎం.ఏ.లో పారిశ్రామిక శాఖయందు 2025 వరకు ప్రవేశము దొరకెడిది.

చదువు దొరకు మార్గములు ఇట్లున్నవి. కాని పరీక్షలో నెగ్గిన చోదకుడు వరుసగా కొన్ని రాత్రులు నిద్రలేక ఇంజను ఎక్కినచో, ఆ పరీక్ష ప్రయాణికులను కాపాడగలదా? చోదకుని చూపును కొలిచిన శాస్త్రము అతని విశ్రాంతి గంటలను గూడ కొలువవలెను. అహమదాబాదు మగ్గములు, కాకినాడ దుకాణములు చెప్పినది ఒక్కటే: మనిషిని దిద్దుటతో సగము పనియే అగును, అతని పనిని దిద్దుట తక్కిన సగము. మొదటి సగమును అడుగు యజమానులు ఎల్లప్పుడును ఉందురు. రెండవ సగమును తనంతట తానుగా వారి ముందు పెట్టగల ధైర్యము విద్యార్థికి ఉండవలెను. అది ఉన్ననాడే ఈ విద్య ఇరువురకును చుట్టమగును.